ఎదురు మాట్లాడటం నేర్పుతోందంట మీ అమ్మాయి

చిరంజీవి చిన్నికి అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలు ఫరవాలేదు. దొడ్లో పనస లేతకాయలు దిగాయి. పొట్టు కొట్టించి ఆవ పెట్టి వండితే నాన్నగారు సగం నాకే వదిలేసి, చిన్ని ఉంటే బాగుండేదన్నారు.

నువ్వు ఫోను ఎత్తడం లేదు. వాట్సాప్‌లో "బిజీ అమ్మా" అని ఒక్క ముక్క పెడుతున్నావు. పరీక్షల ముందు కదా అని ఊరుకున్నాను. ఈలోగా కాకినాడ అత్తయ్య ఫోను చేసి, "మీ అమ్మాయి తొమ్మిదో క్లాసు పిల్లలకి పెద్దవాళ్ళకి ఎదురు మాట్లాడటం నేర్పుతోందంట, ఎవరో తండ్రి వచ్చి హెడ్మాస్టరు గదిలో గొడవ చేశాడంట" అంది. కళ్ళతో చూసినవాళ్ళు ఎవరో మాత్రం చెప్పలేదు. నేనూ అడగను. నీకు చెప్పాలనిపించినప్పుడు చెబుదువుగాని.

మొన్న రిపబ్లిక్ డేకి చంటి కూతురు ఉపన్యాసం చెప్పింది. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు" అని మొదలెట్టి ఊపిరి తీసుకోకుండా అప్పచెప్పేసింది. మధ్యలో ఒక మాట మర్చిపోయేసరికి మళ్ళీ మొదటికి వెళ్ళింది. అందరూ చప్పట్లు కొట్టారు గానీ నాకు ప్రాణం ఉసూరుమంది. అది పిల్ల మాట కాదు, టీచరు రాసిచ్చిన కాగితం. నువ్వు నీ క్లాసులో వాదన పెట్టినప్పుడు మాత్రం రాసివ్వకు. మూడు పాయింట్లు వాళ్ళ చేతే రాయించు, మిగతాది నోటితో చెప్పనీ. "ఇది మంచిది" అన్నవాణ్ణి "ఎందుకని?" అని అడుగు. కారణం చెబితే "ఎక్కడ చూశావు?" అని అడుగు. నోరు విప్పని పిల్లల్ని తిన్నగా బోర్డు దగ్గరికి పిలవకు. ముందు బెంచీలో పక్కవాళ్ళకి చెప్పనీ, తర్వాత నలుగురికి. మనిషికి రెండు నిమిషాలు చాలు. వినేవాళ్ళ చేత మార్కులు వేయించు, పని లేకపోతే వెనక బెంచీలు అల్లరికి దిగుతాయి.

చిన్నప్పుడు నాన్నగారితో అవధానాలకి వెళ్ళేదానివి కదా. అవధానిని ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో నీకు అప్రస్తుత ప్రసంగం ఆయనంటేనే ఇష్టం. అవధాని పద్యపాదం మనసులో పెట్టుకుని ఉంటే, "ఇవాళ మీ ఇంట్లో కూరేమిటి" అని అడిగేవాడు. దానికి నవ్వుతూ జవాబిచ్చి పద్యం చెయ్యి జారకుండా నడిపించాలి. క్లాసులోనూ ఒకళ్ళకి ఆ పని ఒప్పజెప్పు. అడ్డుప్రశ్నలకి కంగారుపడటం దానంతటదే పోతుంది.

ఆ తండ్రి సంగతి ఒట్టి పుకారే కావచ్చు. అయినా నీకిది చెప్పాలి.

1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు కూలిపోయాయి కదా, ఆ మరుసటి ఏడాది మాట. తోటలు తీసి రొయ్యల చెరువులు తవ్వాలా వద్దా అని పదో తరగతిలో వాదన పెట్టాను. తీరం వెంబడి చెరువులు తీసెయ్యమని తుఫాను ఏడాది డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పేపరు కటింగు గోడకి అంటించాను. చీటీలు తీయించాను. చెరువు కౌలుకి తీసుకున్న ఇంటి పిల్లాడికి "వద్దు" వచ్చింది. నుయ్యి ఉప్పుబారిపోయిన ఇంటి పిల్లకి "కావాలి" వచ్చింది. నమ్మని మాట ఎలా చెప్పను టీచర్ అని ఆ పిల్ల ఏడ్చింది. నేను చీటీ మార్చలేదు. శాస్త్రచర్చల్లో పూర్వపక్షం చెప్పాకే సిద్ధాంతం చెప్పేవారని తాతగారు అనేవారు కదా, క్లాసులోనూ అదే షరతు పెట్టాను. అవతలి వాళ్ళ మాట ముందు నువ్వు చెప్పాలి, వాళ్ళు ఔనన్నాకే ఖండించాలి. పిల్లాడు లేచి "వీళ్ళకి డబ్బాశ" అన్నాడు. "నేనలా అనలేదు" అంది ఆ పిల్ల. "రొయ్యలైతే లాభం అంటోంది." "అంతే కాదు." వాడు కాసేపు తల గోక్కుని, "కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది, అందాకా ఇల్లెలా గడవాలి, రొయ్య నాలుగు నెలల్లో చేతికొస్తుంది అంటోంది" అన్నాడు. "ఆఁ, అదీ!" అంది. అప్పుడు మొదలెట్టాడు, వైరస్ వస్తే చెరువంతా ఒక్కసారే పోతుందని, ఉప్పునీళ్ళు పక్కచేలకి దిగుతాయని.

మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. "మా వాడి చేతే మా నోట్లో మట్టి కొట్టిస్తారా టీచరుగారూ?" అని వరండాలో కేకలు. కుర్చీ వేయించి మంచినీళ్ళిచ్చి, పిల్లాణ్ణి పిలిచి రెండు పక్షాలూ చెప్పమన్నాను. చెరువు పక్షం వాడు తండ్రి కంటే బాగా చెప్పాడు. "మరి నీ మాటేంట్రా?" అన్నాడాయన. "నీళ్ళు టెస్టు చేయించి చెబుతా నాన్నా" అన్నాడు. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ గొడవకి రాలేదు.

అందుకని, నిజంగానే ఎవరైనా వచ్చి అరిచి ఉంటే తల వంచుకుని నిలబడకు. పిల్ల చేత రెండు పక్షాలూ చెప్పించు. అంశమేదో ముందే కాగితం మీద రాసి హెడ్మాస్టరుగారి చేత సంతకం పెట్టించుకో. ఇంటర్ అయ్యాక ఆడపిల్లకి పెళ్ళా చదువా అన్న అంశం పెట్టావని అత్తయ్య అంది. వద్దనను, ఆ వయసు పిల్లలకి అంతకన్నా అవసరమైన అంశం ఏముంది? సెల్‌ఫోను, యూనిఫాం లాంటివాటితో చెయ్యి తిరిగాక పెట్టు. వాదన మాట మీద సాగాలి, మనిషి మీద కాదని మొదటి రోజే చెప్పు. వెక్కిరిస్తే మార్కు తీసెయ్యి. ఇంత జరుగుతున్నా రాత్రిళ్ళు నిద్రపోతున్నావా?

క్లాసు గోల చేస్తుంటే పైనుంచి అరవకు, గొంతు పోతుంది. పడుకునే ముందు మిరియాల పాలు తాగు. ఆదివారం చంటి విజయనగరం వస్తున్నాడు. కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ పంపుతున్నాను. సీసాలో తడి గరిటె పెట్టకు. అసలేం జరిగిందో వాడికైనా చెప్పు. చెప్పకపోతే సోమవారం బస్సుకి నేనే బయల్దేరతాను, నాన్నగారి మందులు వారానికి సరిపడా డబ్బాలో సర్దేశాను.

ఆశీస్సులతో,
అమ్మ