పంది ఒకటి, బాణాలు రెండు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నవ్వుకున్నాను. వీడియో గేములో కొండంత మృగాన్ని మూడు రాత్రులు వెంటాడి చంపావా! పైగా ఇలాంటి వేట మన కథల్లో ఎక్కడుందిరా అని నన్నే అడుగుతావా? ఎనిమిదో తరగతిలో టూరుకెళ్ళినప్పుడు ఆ వేట కిందే నిలబడ్డావు. లేపాక్షి వీరభద్రుడి గుళ్ళో. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చే హడావిడిలో తల పైకెత్తలేదు, అంతే.

మొన్న హిందూపురంలో పెళ్ళికెళ్ళి, పదిహేను కిలోమీటర్లే కదా అని అటు పోయొచ్చాను. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన గుడి కదా, కప్పు మీద రంగులు చాలాచోట్ల పెచ్చులూడిపోయాయి. కిరాతార్జునీయం, అదే బోయవాడి వేషంలో వచ్చిన శివుడితో అర్జునుడు తలపడ్డ బొమ్మ, మాత్రం ఇంకా పోల్చుకోవచ్చు. మెడ పట్టేసేదాకా చూశాను. ఎర్రమట్టి రంగు, నల్లటి గీతలు, మధ్యలో పంది. గైడు తొందరపెడుతున్నాడు, ఆయన ధ్యాసంతా ఆ స్తంభం మీదే.

భారతంలో ఈ కథ అరణ్యపర్వంలో వస్తుంది. అర్జునుడు శివుడి అస్త్రమైన పాశుపతం కోసం హిమాలయాల్లో తపస్సుకు కూచుంటాడు. మొదటి నెల మూడు రాత్రులకోసారి పండు తిన్నాడు, రెండో నెల ఆరు రాత్రులకోసారి, మూడో నెల పక్షానికోసారి. నాలుగో నెల వచ్చేసరికి గాలే భోజనం, అదీ చేతులు పైకెత్తి కాలివేళ్ళ మీద నిలబడి. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి చంపడానికి మూకుడనే దానవుడు పంది రూపంలో వచ్చాడు. మూక అంటే సంస్కృతంలో మూగ. అదే సమయానికి శివుడు బోయవాడి వేషంలో, పార్వతి కూడా అదే వేషంలో, భూతగణాలతో దిగారు. అడవి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయిందట. సెలయేళ్ళ చప్పుడు లేదు, పిట్టల కూత లేదు. నీ గేములో మృగం వచ్చే ముందు డప్పులు మోగుతాయన్నావే, నాకైతే ఈ నిశ్శబ్దమే ఎక్కువ భయమేసింది.

అసలు తమాషా ఏంటంటే, వేట చిటికెలో అయిపోతుంది. అర్జునుడు గాండీవం ఎక్కుపెట్టాడు. "ఆగు, ముందు గురిపెట్టింది నేను" అన్నాడు బోయవాడు. వీడు వింటేగా! రెండు బాణాలూ ఒకేసారి దిగాయి, పంది అసలు రూపంతో కూలింది. ఇక మొదలైంది పంచాయితీ. "నా వేట మీద బాణం వేస్తావా, ఇదేం వేటధర్మం?" అని అర్జునుడు. "ఈ అడవి మా ఇల్లు. సుకుమారంగా ఉన్నావు, ఒంటరిగా నీకిక్కడేం పని?" అని ఆయన. మన ఊళ్ళో గట్టు తగాదాల్లో ఇంతకంటే పెద్ద మాటలే విన్నాం.

తర్వాత అర్జునుడి పరిస్థితి చూడాలి. తరగని అమ్ములపొదిలో బాణాలు తరిగిపోయాయి. వింటితో కొడితే బోయవాడు ఆ విల్లే లాక్కున్నాడు. కత్తి ఆయన నెత్తి మీద విరిగింది. చెట్లు, రాళ్ళు, చివరికి పిడిగుద్దులు. స్పృహ తప్పి పడిపోయాడు. లేచి, మట్టితో లింగం చేసి పూలదండ వేస్తే, ఆ దండ బోయవాడి తల మీద కనిపించింది. అప్పుడు గానీ అర్థం కాలేదు. అస్త్రం దొరికింది, తొందరపడి మనుషుల మీద వేయొద్దన్న హెచ్చరికతో సహా. నీ గేములో గెలిస్తేనే బహుమతి కదా, ఇక్కడ చిత్తుగా ఓడినవాడికిచ్చారు!

ఇంత పందిపురాణం ఎందుకంటే, నేనిప్పుడు చేను దగ్గర కాపలా గుడిసెలో కూచుని రాస్తున్నాను. శెనక్కాయ చేనుకి ఈసారి పందుల బెడద మామూలుగా లేదు. మా అమ్మ పాత చీరలన్నీ గట్టు చుట్టూ కట్టేశాం. గాలికి ఊగుతుంటే మనుషులనుకుని రావని ఆశ. నిన్న పొద్దున వచ్చి చూస్తే ఆమె ఆకుపచ్చ పెళ్ళిచీర చిరిగి ఉంది, దాని వెనక నాలుగు సాళ్ళు ట్రాక్టరుతో దున్నినట్టు తిరగేసి ఉన్నాయి. కాయలు నమిలి ఉమ్మేసిన తొక్కలు, బురదలో చీలిన గిట్టల గుర్తులు, ఒక్కొక్కటీ నా అరచేయంత. పంది మాత్రం ఇప్పటిదాకా నా కంటపడలేదురా. అమ్మకింకా చీర సంగతి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

దసరాకి వస్తే లేపాక్షి మళ్ళీ పోదాం. ఈసారి తువ్వాలు ఇంట్లో పెట్టిరా.

ఇందాకటి నుంచి మొరుగుతున్న కుక్క ఎందుకో ఆపేసింది. కీచురాళ్ళు కూడా వినపడట్లేదు. టార్చి తీసుకుని ఒకసారి చూసొస్తాను, మిగతాది రేపు రాస్తా.

నీ
రాజుగాడు