కోపం మనిషి మీదా, పని మీదా?

సంపాదకులకు నమస్కారం.

పదవీకాలం మధ్యలో ముఖ్యమంత్రిని మారిస్తే అధికార పార్టీకి లాభమా నష్టమా అనే చర్చ ఏదో ఒక రాష్ట్రం పేరు మీద మళ్లీ మళ్లీ వస్తోంది. గుజరాత్‌ను చూపి లాభమనేవాళ్లు కొందరు, పంజాబ్‌ను చూపి నష్టమనేవాళ్లు కొందరు. కల్వకుర్తి ఓటరుగా నాకు తోచింది రాస్తున్నాను.

1989లో ముఖ్యమంత్రి హోదాలో పోటీ చేసిన ఎన్టీఆర్‌ను ఓడించిన నియోజకవర్గం మాది. ఆయన హిందూపురంలో గెలిచారు. ఇక్కడ మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. అప్పుడు నేను కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరాను. మా వాడకట్టులో ఒకరింటి అరుగు మీద రేడియో పెడితే చుట్టూ చేరి ఫలితం విన్నాం. విన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎన్టీఆర్ అభిమానులు కూడా ఆ అరుగు మీద ఉన్నారు మరి. నాయకుణ్ణి మార్చడం పార్టీల చేతిలోనే లేదు, మా చేతిలో కూడా ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ ఎన్నికల్లో 181 సీట్లతో వచ్చిన కాంగ్రెస్ ఐదేళ్లలో ముగ్గురు ముఖ్యమంత్రులను చూపించింది. చెన్నారెడ్డి ఏడాది ఉన్నారు, జనార్దనరెడ్డి రెండేళ్లు కూడా నిండకుండా దిగారు, తర్వాత కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. 1994లో ఆ పార్టీకి 26 సీట్లు మిగిలాయి. నిజానికి ఇది వాళ్లకు కొత్త పాఠం కాదు. 1978 నుంచి 1983 దాకా చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల అంటూ నలుగురిని మార్చారు. 1982లో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ అంజయ్యను అవమానించిన తీరు పల్లెపల్లెకూ పాకింది. ఆ ఏడాది మార్చిలో పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలలకే అధికారంలోకి వచ్చింది. ఆత్మగౌరవం అన్న మాట అంత బలంగా తగలడానికి ఆ మార్పులు కూడా కారణమే. శాసనసభ్యులు ఏకవాక్య తీర్మానం చేసి పంపడం, ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్ రావడం, అందులో ఎవరి పేరుందో ఓటు వేసిన మనం మరునాడు పేపర్లో చదువుకోవడం. ఇది ఓటరుకు చిన్నతనంగా అనిపించదా?

మరి ముఖ్యమంత్రిని మార్చి గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. గుజరాత్‌లో బీజేపీవాళ్లు 2021 సెప్టెంబరులో రూపానీని దించి భూపేంద్ర పటేల్‌ను తెచ్చారు, మంత్రివర్గం మొత్తం మార్చారు. మరుసటి ఏడాది 182లో 156 గెలిచారు. హర్యానాలో ఖట్టర్ స్థానంలో సైనీని 2024 మార్చిలో కూర్చోబెట్టి అక్టోబరులో 48 సీట్లతో నిలబడ్డారు. అదే పార్టీ కర్ణాటకలో యడియూరప్పను దించి బొమ్మైని తెస్తే 2023లో 66కు పడిపోయింది. పంజాబ్ కాంగ్రెస్ ఎన్నికలకు ఐదు నెలల ముందు అమరీందర్‌ను తీసి చన్నీని పెట్టింది. 117లో 18 వచ్చాయి, చన్నీ పోటీ చేసిన రెండు చోట్లా ఓడారు. ఉత్తరాఖండ్‌లో ఇంకో తీరు. ఒకే ఏడాదిలో ముగ్గురిని చూపిన బీజేపీ గెలిచింది, మూడోవాడైన ధామీ మాత్రం సొంత సీట్లో ఓడారు.

నా లెక్క ఏమిటంటే, జనం కోపం ఆ మనిషి మీద ఉంటే మనిషిని మార్చితే కొంత చల్లారుతుంది. కోపం పనుల మీద, కమీషన్ల మీద, నెరవేరని హామీల మీద ఉంటే కొత్త ముఖం పనికిరాదు. కర్ణాటకలో గుత్తేదారులే నలభై శాతం కమీషన్ అని రోడ్డెక్కారు, దానికి బొమ్మై దగ్గర జవాబు లేదు. 1995లో చంద్రబాబు ఎన్టీఆర్‌ను దించి వచ్చి 1999లో గెలిచారు కదా అంటారు. నిజమే, కానీ ఆయనకు నాలుగేళ్ల సమయం దొరికింది, వాజ్‌పేయి గాలి తోడైంది.

అసలు మార్చకుండా ఉంటే గెలుస్తారని కూడా నేననను. తెలంగాణ వచ్చాక 2023 ఎన్నికల దాకా ముఖ్యమంత్రి మారలేదు. 2023లో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14కు 12, నల్లగొండలో 12కు 11 కాంగ్రెస్‌కు పోయాయి. మా వైపు నేను విన్న కోపం ఎక్కువగా సిట్టింగు ఎమ్మెల్యేల మీదే.

పార్టీ లాభనష్టాలు అటుంచండి. మధ్యలో మార్పు వస్తే మాకేమవుతుందో నేను చేత్తో పట్టుకుని చూశాను. 2010లో మా చెరువు దాకా పిల్ల కాలువ తవ్వమని, తూము కట్టమని ఊరంతా సంతకాలు పెట్టి రోశయ్య గారి పేరు మీద దరఖాస్తు టైపు చేయించాం. ఇచ్చేలోపే నవంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి వచ్చారు. డీటీపీ షాపులో మొదటి పేజీ మళ్లీ తీయించాం, రెండో పేజీలో ‘రోశయ్య గారి దయతో’ అన్న చోట తెల్ల ఇంకు పూసి కొత్త పేరు చేత్తో రాశాను. ఆఫీసులో తీసుకున్నాయన ‘కొత్త సారు చూడాలె, మంత్రుల శాఖలు మారినయ్, మళ్లొకసారి రాండ్రి’ అన్నాడు. మేం మళ్లీ పోయాం, ఆ తర్వాత కూడా పోయాం. తవ్వి వదిలేసిన ముక్కలో సర్కారు తుమ్మ మొలిచింది. ఆ కాగితం జిరాక్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మాతో వచ్చిన రైతు ఒకాయన ‘సారూ, సీఎం పేరు రాయకుంటనే ఇద్దాం ఈసారి, గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి అని ఊకె పెట్టు’ అన్నాడు. అలాగే ఇచ్చాం.

అందుకని ఏ పార్టీ అధికారంలో ఉన్నా మేం అడగాల్సింది రెండు. ఒకటి, మధ్యలో నాయకుణ్ణి మార్చాల్సి వస్తే శాసనసభ్యులు ఓటు వేసి ఎన్నుకోవాలి, ఎందుకు మార్చారో సభలో నిలబడి చెప్పాలి. రెండు, కొత్తగా ప్రమాణం చేసినవారు మొదటి సమావేశంలోనే పాత ముఖ్యమంత్రి మంజూరు చేసిన పనులు ఏవి ఎంతదాకా వచ్చాయో, ఏవి ఆపుతున్నారో జిల్లాల వారీగా సభ ముందు పెట్టాలి. కాలువల జాబితాలో పంపుహౌసులు, రిజర్వాయర్లే కాదు, మా ఊరి తూము లాంటివి కూడా ఉండాలి.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా