కారు అమ్మేయమనడం తేలికే

సంపాదకుల వారికి,

యాప్ క్యాబులు ఉండగా సొంత కారు దండగంటూ మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి పది రోజులైంది. పోనీలే అని ఊరుకున్నాను. మొన్న మళ్లీ ఒకాయన మీ లేఖల శీర్షికలోనే ‘జనం కార్లు అమ్మేసుకుంటే హైదరాబాద్ ట్రాఫిక్ దానంతటదే తీరుతుంది’ అని సెలవిచ్చేసరికి ఇక రాయక తప్పలేదు.

ఈ జోస్యం కొత్తదేం కాదు. 2019 సెప్టెంబరులో కార్ల అమ్మకాలు పడిపోయినప్పుడు, కుర్రకారు ఈఎంఐల జంజాటం వద్దనుకుని ఓలా, ఉబర్ ఎక్కుతున్నారని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు కూడా ఒక కారణం చెప్పారు. ఆ తర్వాత కార్లు తగ్గాయో పెరిగాయో సాయంత్రం ఆరింటికి గచ్చిబౌలి వైపు వెళ్లి చూస్తే సరిపోతుంది.

మీ వ్యాసకర్త లెక్క సగంలో ఆపేశారు, మిగతా సగం నేను వేస్తాను. రోడ్డెక్కేసరికి రూ.8 లక్షలయ్యే చిన్న కారు 8 ఏళ్ల తర్వాత రూ.3 లక్షలకు పోతుందనుకోండి. ఏడాదికి తరుగు రూ.62,500. బీమాకు రూ.18,000, సర్వీసింగు, టైర్లకు రూ.10,000 వేసుకుంటే, బండి గేటు దాటకముందే రూ.90,500 అయిపోయాయి. అప్పు చేసి కొంటే వడ్డీ వేరు. లీటరు పెట్రోలు రూ.107 అయి, సిటీలో లీటరుకు 15 కి.మీ. వస్తే కి.మీ.కు సుమారు రూ.7. క్యాబుకు సగటున కి.మీ.కు రూ.24 పెట్టుకుందాం. ఏడాదికి 4,000 కి.మీ. తిరిగే ఇంటికి కారు రూ.1.19 లక్షలు తింటే, క్యాబు రూ.96 వేలతో సరి. అదే 10,000 కి.మీ. తిరిగితే కారుకు రూ.1.62 లక్షలు, క్యాబుకు రూ.2.40 లక్షలు. రెండూ సమానమయ్యేది 5,400 కి.మీ. దగ్గర, అంటే రోజుకు 15 కి.మీ. అంతకన్నా తక్కువ తిరిగే బండి దండగే, ఒప్పుకుంటాను. చాలా ఇళ్లలో ఆ బండి రెండో కారు. వారానికోసారి తుడిచి, బ్యాటరీ దిగిపోకుండా స్టార్ట్ చేసి, మళ్లీ కవరు కప్పే ఆ కారును ఇవాళే అమ్మేయవచ్చు. మొదటి కారు సంగతి వేరు.

పైగా ఆ రూ.24 ఎండ కాసే రోజు ధర. రెండు చినుకులు పడితే ఎంతవుతుందో యాప్‌కే తెలియాలి. రద్దీ వేళ మూల ధరకు ఒకటిన్నర రెట్లు మించకూడదని కేంద్రం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 జులైలో కొత్తవి తెచ్చి ఆ హద్దును రెండు రెట్లు చేసింది. ఇంతకీ దేనికి రెండు రెట్లు? మూల ధర ఖరారు చేయాల్సింది రాష్ట్రం. అది ఎంతో క్యాబు ఎక్కేవాళ్లలో ఎవరినైనా అడగండి. సరైన కారణం లేకుండా ట్రిప్పు రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, రూ.100 మించకుండా జరిమానా అని కూడా అందులో ఉంది. మూడు నెలల్లో అమల్లో పెట్టాలని రాష్ట్రాలకు సలహా ఇచ్చారు. సలహాలు ఫైళ్లలో ఎంత భద్రంగా ఉంటాయో మనకు తెలియనిది కాదు.

బుక్ చేయగానే డ్రైవరు ఫోన్ చేస్తాడు: “ఎక్కడికన్నా? క్యాషా, ఆన్‌లైనా?” ఆన్‌లైన్ అన్నామంటే మ్యాపులో బండి బొమ్మ ఉన్నచోటే ఉండిపోతుంది, విసుగొచ్చి మనమే క్యాన్సిల్ కొట్టేదాకా. తిట్టుకుంటాం గానీ అతని లెక్క కూడా చూడాలి. 10 కి.మీ. ట్రిప్పుకు రూ.220 అయితే, నాలుగో వంతు కమీషన్ పోతుందనుకుంటే చేతికొచ్చేది రూ.165. మన దగ్గరికి రావడానికి 3 కి.మీ., దింపాక ఇంకో బేరం తగిలేదాకా 5 కి.మీ. ఖాళీగా తిరగాలి. మొత్తం 18 కి.మీ.కు గ్యాసు రూ.72. గంటంబావు ట్రాఫిక్‌లో నలిగితే మిగిలేది రూ.93, బండి వాయిదా కట్టేదీ అందులోంచే. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ డ్రైవర్లు ఏసీ వేసేది లేదని భీష్మించుకుంది ఊరికే కాదు.

ట్రాఫిక్ తీరుతుందన్న పెద్దమనిషికి జవాబు కూడా ఆ 18లోనే ఉంది. సొంత కారు 10 కి.మీ. నడిచి ఆఫీసు సెల్లార్లో పడుంటుంది. అదే మనిషి కోసం క్యాబు 18 కి.మీ. తిరుగుతుంది. పార్కింగ్ జాగా కలిసొస్తుంది, రోడ్డు ఇంకా ఇరుకవుతుంది. తగ్గాలంటే ఒక్కో బండిలో ముగ్గురైనా ఎక్కాలి. అలా ఎక్కించే పూల్ రైడ్లు 2020 మార్చిలో కరోనాకు ఆగాక మునుపటిలా లేచింది లేదు. పోనీ పక్క ఫ్లాటాయన తెల్ల ప్లేటు కారులో డబ్బు తీసుకుని ఎక్కించుకుంటే, పర్మిట్ ఏదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ చూపిస్తారు.

వెనక సీటు సంగతి ఎవరూ రాయరు. బెల్టు వేలాడుతూనే ఉంటుంది, బకిల్ మాత్రం రెక్సిన్ కవరు కింద సమాధై ఉంటుంది. వేలు దూర్చి లాగితే చాక్లెట్ కాగితం వస్తుంది. డిక్కీ తెరిస్తే అడ్డంగా సీఎన్‌జీ సిలిండరు. అమెరికాలో పిల్లల దగ్గరికి బయల్దేరే దంపతులకు 23 కిలోల పెట్టెలు నాలుగు. ఒకటి ముందు సీట్లో, ఒకటి ఇద్దరి మధ్య, మిగిలిన రెండూ పైన క్యారియర్ ఉంటే సరి, లేదంటే శంషాబాద్‌కు రెండో క్యాబు. వీల్‌చెయిర్ ఉన్నవాళ్ల గతేమిటి?

ఒక్క యాప్‌తోనే జనం కారు మానరు. నెల చందాకు ట్రాము, బస్సు, ట్యాక్సీ, అద్దె కారు అన్నీ కలిపి ఇస్తామన్న హెల్సింకీ ‘విమ్’ యాప్ కంపెనీ 2024లో దివాలా తీసింది. ట్రాములు వేళకు నడిచే ఊళ్లోనే గతి అది. మన మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, ఆఫీసులేమో కోకాపేట దాకా పాకాయి. సెట్విన్ మినీ బస్సులు సందుల్లోకి దూరి మనుషుల్ని ఎక్కించుకున్న ఊరిది. స్టేషన్ నుంచి ఆఫీసుకు పది నిమిషాలకో మినీ బస్సు వేయడం ఇప్పుడు బ్రహ్మవిద్య అయిపోయిందా? దానికి బదులు మెట్ల కింద క్యాబులు, ఆటోలు మూడు వరుసల్లో నిలబడి ఉంటే, పోలీసువారు ఈల వేసి చలానా ఫొటోలు తీసుకుంటున్నారు.

ముందుగా రవాణా శాఖవారిని మూల ధర ఎంతో ప్రతి క్యాబులో ముందు సీటు వీపున తెలుగులో అంటించమనండి. వీలైతే ఆ రెక్సిన్ కవరుకు బకిల్ పట్టేంత కన్నం కూడా.

— ఒక పాఠకుడు, సైనిక్‌పురి, సికింద్రాబాద్