కేస్ షీటులో 'కూలీ' అని రాస్తే సరిపోదు

సంపాదకులకు,

ఉరవకొండ పక్క పల్లెల్లో ముప్పై ఒక్క ఏళ్లు పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. మా మనవడు ఎంబీబీఎస్ ఫైనలియర్. దసరాకు వచ్చినప్పుడు "ఏరా, పిడుదులు కుట్టి వచ్చే కాంగో ఫీవర్ గురించి మీకు చెప్తారా?" అని అడిగాను. "నైరోవైరస్, హయలోమా టిక్" అని జబ్బు తెచ్చే వైరస్ పేరూ, దాన్ని మోసే పిడుదు పేరూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ముచ్చటేసింది.

తెల్లారి పక్కింటి మేక చెవి నుంచి పిడుదును ఫోర్సెప్స్‌తో లాగి, అగ్గిపెట్టెలో వేసి చూపించాను. కాళ్లకు తెల్లచారలు. హయలోమాకు గుర్తు అవే. "ఇదేంటి తాతా, నల్లి పురుగా?" అన్నాడు! నేనేదో గొప్పని కాదు. సర్వీసంతా వీటిని ఒట్టి గోళ్లతో నలిపినవాణ్నే.

వాడి స్నేహితులకైతే కాంగో ఫీవర్ అంటే ఆఫ్రికా జబ్బు, పరీక్షలో ఒక మార్కు. 2011 జనవరిలో అహ్మదాబాద్ జిల్లా సాణంద్ తాలూకాలో ఒక పల్లెటూరి మహిళ ఈ జ్వరంతోనే చనిపోయింది. ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, సేవ చేసిన నర్సు కూడా పోయారు. రోగి రక్తం తగిలినా అంటుకునే జబ్బిది. అయినా మా వాడి పోస్టింగ్‌లో గ్లవ్స్ వేసుకోకుండానే రక్తం తీస్తుంటే, అడిగినందుకు "జ్వరమేగా" అన్నారట.

మొదట్లో జ్వరం, ఒళ్లు నొప్పులు, ప్లేట్‌లెట్లు పడిపోవడం. మన దగ్గర ఎవరైనా డెంగీ అనే అనుకుంటారు. వైరస్ ఉన్న గొర్రె మాత్రం శుభ్రంగా మేస్తూ తిరుగుతుంది, కాబట్టి కాపరి తనంతట తాను దాని ఊసే ఎత్తడు. మనమే అడగాలి: జీవాలున్నాయా, పిడుదు కుట్టిందా, ఈ మధ్య పొట్టేలును కోశావా అని. కేస్ షీటులో వృత్తి అనే గడి ఉంది కదరా అంటే, అందరూ 'కూలీ' అని రాసేసి ముందుకు పోతారట. గొర్రెలు కాసేవాడూ కూలీయే, మటన్ కొట్టేవాడూ కూలీయే!

కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్‌లో ఒక్క రోజు ఈ పిల్లల్ని పశువుల ఆసుపత్రికో, గొర్రెల సంతకో పంపమని మెడికల్ కాలేజీల వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఖర్చు బస్సు చార్జీలే.

ఆ పిడుదును స్పిరిట్ సీసాలో వేసి మనవడితో హాస్టల్‌కు పంపాను. రూమ్మేట్లు దాన్ని గదిలో పెట్టనివ్వడం లేదట.

- ఒక విశ్రాంత పశువైద్య ఉద్యోగి, అనంతపురం జిల్లా