వెనక నిలబడినవాళ్ల పేర్లు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

రాక్, పాప్ సంగీత చరిత్రలో మరపురాని ఘట్టాలు అంటూ ఆదివారం అనుబంధంలో మీరు వేసిన రెండు పేజీల వ్యాసం మూడుసార్లు చదివాను. ఇరవై ఏళ్లుగా ఈ పాటల పిచ్చి ఉన్నదాన్ని, ఈ సంగీతానికి ఒక పత్రిక ఇంత చోటు ఇవ్వడం చూసి చాలా సంతోషించాను. బీటిల్స్ మేడ మీద వాయించడం, మైకేల్ జాక్సన్ మూన్‌వాక్, లైవ్ ఎయిడ్ కచేరీలో క్వీన్ బృందం, వుడ్‌స్టాక్ సంగీత ఉత్సవంలో హెండ్రిక్స్, బంగ్లాదేశ్ కోసం జార్జ్ హారిసన్ పెట్టిన కచేరీ, అన్నీ ఉన్నాయి. రాసినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ కనపడలేదు. కానీ చదవడం అయ్యాక ఒక సంగతి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆ రెండు పేజీల్లో ఉన్న పేర్లన్నీ స్టేజీ ముందు నిలబడ్డవాళ్లవే. వెనక పాడినవాళ్లు, బేస్ వాయించినవాళ్లు, మైకులు సర్దినవాళ్లు ఒక్కరు కూడా లేరు. వాళ్లు లేకపోతే ఆ ఘట్టాల్లో కొన్ని అసలు జరిగేవే కాదు, అందుకే ఈ ఉత్తరం.

రోలింగ్ స్టోన్స్ వాళ్ల ‘గిమ్మీ షెల్టర్’ పాటనే తీసుకోండి. 1969లో వచ్చింది. మీ వ్యాసంలో ఆ బృందం గురించి పెద్ద పేరానే ఉంది, ఈ పాట మాట కూడా ఉంది, కానీ అందులో మిక్ జాగర్‌తో సమానంగా, నన్నడిగితే అతనికంటే ఎక్కువగా, పాటను మోసిన ఆడగొంతు ఎవరిదో లేదు. ఆమె మెర్రీ క్లేటన్. లాస్ ఏంజెలెస్‌లో ఒక రాత్రి పడుకోబోతుంటే ఫోన్ వచ్చింది, ఇంగ్లండ్ నుంచి వచ్చిన బృందం ఒకటి స్టూడియోలో ఉంది, వెంటనే ఒక ఆడగొంతు కావాలి అని. అప్పటికామె గర్భవతి. జుట్టుకి కర్లర్లు పెట్టుకుని ఉన్నది ఉన్నట్టే, మీద ఒక కోటు వేసుకుని బయల్దేరింది. వెళ్లి పాట మాటలు చూసి ఇదేమిటి ఇంత భయంకరంగా ఉన్నాయి అని అడిగి, ఎందుకో చెప్పించుకుని, అప్పుడు పాడింది. కొన్ని టేకుల్లో పని ముగించి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ పాటని మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మూడు నిమిషాలు కావస్తున్న చోట, ఆమె ఒక్కతే పైస్థాయిలో ఒక మాటని మళ్లీ మళ్లీ అందుకుంటూ ఉంటుంది. రెండోసారికో మూడోసారికో గొంతు ఒక్కసారిగా చీరుకుపోతుంది. బట్ట చిరిగినట్టు వినపడుతుంది. దాని వెనకే, దూరంగా, స్టూడియోలో ఎవరో ఆశ్చర్యం పట్టలేక అరిచిన కేక సన్నగా పడుతుంది, చెవి పెట్టి వింటే తప్ప తెలియదు. మామూలుగా అయితే గొంతు అలా పగిలితే ఇంకో టేక్ తీస్తారు. వాళ్లు తీయలేదు, అలాగే ఉంచేశారు. యాభై ఏళ్లు దాటినా ఆ క్షణం దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇంటికి చేరాక ఆమెకు గర్భస్రావం అయింది. చాలా ఏళ్లపాటు ఆ పాట వినడమే ఆమెకు కష్టమైంది. ఇది తెలిసిన తర్వాత ఆ మూడో నిమిషాన్ని ముందులా వినలేకపోయాను, అయినా వినడం మానలేదు.

ఇక బీటిల్స్ మేడ కచేరీ. 1969 జనవరి 30, లండన్‌లో సావిల్ రో, నంబర్ 3, వాళ్ల ఆపిల్ ఆఫీసు పైకప్పు. నలభై రెండు నిమిషాలు వాయించారు, పోలీసులు వచ్చారు, అదే వాళ్లు జనం ఎదుట కలిసి వాయించిన ఆఖరిసారి. ఇదంతా మీరు రాశారు. ఆ రోజు విపరీతమైన చలి, పైగా గాలి. చలికి ఆగలేక లెనన్ తన భార్య యోకో ఫర్ కోటు వేసుకున్నాడు, రింగో తన భార్య ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్నాడు. కోటు వేసుకుంటే మనిషికి సరిపోతుంది, మైకు సంగతి ఏమిటి? ఆరుబయట గాలి తగిలితే మైకులో హోరు తప్ప ఇంకేమీ రికార్డు కాదు. అప్పుడు ఇరవై ఏళ్ల అసిస్టెంట్ కుర్రాడిని ఆడవాళ్ల మేజోళ్లు కొనుక్కు రమ్మని దుకాణానికి పంపారు. అవి తెచ్చి మైకులకు తొడిగారు. వైర్లు అక్కడి నుంచి కింద బేస్‌మెంట్‌లో పెట్టిన రికార్డింగ్ మెషీన్ల దాకా వెళ్లాయి. ఈ రోజు మనం ఆ కచేరీని గాలి హోరు లేకుండా వింటున్నామంటే ఆ మేజోళ్ల వల్లే. కీబోర్డు దగ్గర బిల్లీ ప్రెస్టన్ ఉన్నాడని కూడా మీ వ్యాసంలో లేదు, నాకది పెద్ద లోటే, ఎందుకంటే ఆ నలుగురికీ ఒకరంటే ఒకరికి పడని రోజుల్లో అతను వచ్చి కూర్చున్నాకే కాస్త సర్దుకుని వాయించారు.

ఆ మేజోళ్ల కుర్రాడి పేరు అలన్ పార్సన్స్. నాలుగేళ్ల తర్వాత, 1973లో, ఆబీ రోడ్ స్టూడియోలో పింక్ ఫ్లాయిడ్ బృందం ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్‌కి రికార్డింగ్ ఇంజినీర్ అతనే. అందులో మాటలు లేని ఒక పియానో ముక్క ఉంది, దానిమీద ఒక ఆడగొంతు కావాలని బృందం అనుకున్నప్పుడు, క్లేర్ టోరీ అనే అమ్మాయి ఉంది, పిలవండి అని చెప్పిందీ అతనే. ఆదివారం సాయంత్రం వచ్చింది. ఏం పాడాలి అంటే మాటలేమీ లేవు, ట్యూన్ కూడా లేదు, చావు గురించి ఆలోచించి పాడు అన్నారు. మొదట ఏవో అలవాటైన మాటలతో మొదలుపెడితే అవి వద్దన్నారు. అప్పుడు, సరే, నా గొంతే ఒక వాయిద్యం అనుకుంటాను అనుకుని పాడింది. రెండున్నర టేకులు. పాడి బయటికి వచ్చి, మరీ అరిచేశానేమో అని సిగ్గుపడి సారీ చెప్పింది. వాళ్లు కూడా పెద్దగా ఏమీ అనలేదు, దాంతో ఇది వాడుకోరు అనుకుని వెళ్లిపోయింది. తర్వాత ఒక షాపులో ఆల్బమ్ కనపడి, తిప్పి చూస్తే తన పేరుంది.

ఆ ఆదివారానికి ఆమెకి ముట్టింది ముప్పై పౌండ్లు. సెలవు రోజు కాబట్టి రెట్టింపు రేటు, లేకపోతే పదిహేనే. అప్పట్లో సెషన్ ఫీజు అంటే అంతే, ఒకసారి చేతిలో పెట్టేవారు, తర్వాత రికార్డు కోట్లలో అమ్ముడైనా పైసా వచ్చేది కాదు. పెన్ను పట్టుకుని రాసినవాడికి మాత్రమే రచయితగా వాటా. కానీ ఇక్కడ కాగితం మీద రాసింది ఏముంది? పియానో ఆ బృందంలోని రిచర్డ్ రైట్‌ది. గొంతులో వచ్చిన ప్రతి వంపూ ఆమె అప్పటికప్పుడు పుట్టించింది. దీని మీదే ఆమె 2004లో కోర్టుకి వెళ్లింది, 2005లో కోర్టు బయట రాజీ కుదిరింది. అప్పటి నుంచి ఆ పాటకి స్వరకర్తలుగా ఇద్దరి పేర్లూ వేస్తున్నారు. ముప్పై రెండేళ్లు పట్టింది. ఆ ఆల్బమ్‌ని మీరు మెచ్చుకున్నారు, అట్ట మీద బొమ్మ కూడా అచ్చేశారు, ఈ పేరుకి మాత్రం చోటు దొరకలేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది మూన్‌వాక్ గురించిన పేరా. 1983 మార్చి 25న పాసడీనాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాతికేళ్ల పండగ జరిగింది, మే 16న టీవీలో వేశారు, మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ పాటకి వెనక్కి జారుతూ నడిచాడు, ప్రపంచం నోరు తెరిచింది. నిజమే. (ఆ నడక అప్పటికి కొత్తది కాదు, జెఫ్రీ డేనియల్ 1982లోనే బ్రిటన్ టీవీలో చేసి చూపించాడు, అది వేరే కథ.) అదే హాలులో, అదే రాత్రి, వెనక సీట్లలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. జేమ్స్ జామర్సన్. అతనికి ఆహ్వానం లేదు. టికెట్ బ్లాకులో కొనుక్కుని వచ్చాడు.

జామర్సన్ ఎవరో తెలియకపోయినా అతని చెయ్యి అందరూ విన్నారు. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, మార్విన్ గే, స్టీవీ వండర్, అరవైల్లో ఆ కంపెనీ నుంచి వచ్చిన హిట్లలో చాలావాటికి బేస్ గిటార్ అతనిదే. డెట్రాయిట్‌లో ఒక మామూలు ఇంట్లో ఉన్న చిన్న స్టూడియోలో, దాన్ని వాళ్లు పాముల గొయ్యి అనేవారు, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు. అంతకుముందు పాప్ పాటల్లో బేస్ అంటే కింద తాళం కొట్టినట్టు ఉండేది, అతను దాన్ని పాట పక్కన నడిచే రెండో పాటగా చేశాడు. బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్నీతో సహా ఎందరో బేస్ వాద్యకారులు అతని వాయింపు విని నేర్చుకున్నారు. అయినా ఏళ్ల తరబడి మోటౌన్ రికార్డుల మీద అతని పేరు గానీ తోటి వాద్యకారుల పేర్లు గానీ ఉండేవి కావు. మొదటిసారి వాళ్ల పేర్లు సరిగా అచ్చయింది 1971లో, మార్విన్ గే ఆల్బమ్ మీద. ఆ పండగ రాత్రి తను బేస్ వాయించిన పాటలు స్టేజీ మీద ఒక్కొక్కటే వస్తుంటే అతను పై వరసలో కూర్చుని చూశాడు. నాలుగు నెలల తర్వాత, ఆగస్టు 2న, చనిపోయాడు. నలభై ఏడేళ్లు. మూన్‌వాక్ గురించి రాసేటప్పుడు ఆ పై వరస సీటు గురించి కూడా ఒక వాక్యం రాయాలని నా కోరిక.

ఇవన్నీ ఎందుకు, జనానికి గుర్తుండేది ముందున్న ముఖమే కదా అని మీ డెస్కులో ఎవరైనా అనవచ్చు. జాక్సన్ నాట్యాన్ని నేనేమీ తక్కువ చేయడం లేదు, లైవ్ ఎయిడ్‌లో క్వీన్ గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ ఆ ఇరవై నిమిషాలు వెంబ్లీ స్టేడియాన్ని గుప్పిట్లో పెట్టుకోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పేజీలో చోటు తక్కువ అనేది కూడా అర్థం చేసుకోగలను. అయినా బంగ్లాదేశ్ కచేరీ ఫోటో కింద హారిసన్, రవిశంకర్ అని రెండు పేర్లు వేసినప్పుడు, సరోద్ అలీ అక్బర్ ఖాన్, తబలా అల్లా రఖా, తంబూరా కమలా చక్రవర్తి అని ఇంకో ముక్క వేస్తే ఎంత చోటు పోయేది? వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొడితే, శ్రుతే ఇంత నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందనుకుంటాను అని రవిశంకర్ అన్న మాట మీరు భలే రాశారు. ఆ శ్రుతి చేసుకున్నవాళ్లు నలుగురు.

వ్యాసానికి రెండో భాగం వచ్చే వారం అని వేశారు కాబట్టి అడుగుతున్నాను. డిలన్ ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ గురించి రాస్తే ఆర్గాన్ దగ్గర ఎవరున్నారో చెప్పండి. గిటార్ వాయిద్దామని వచ్చి, అలవాటు లేని ఆర్గాన్ ముందు ఖాళీ చూసి కూర్చున్న అల్ కూపర్. మిగతావాళ్లు ఏ స్వరాల కూర్పుకి (కార్డ్) వెళ్తున్నారో విని తర్వాత నొక్కడం వల్ల అతని ఆర్గాన్ ఒక్క పిసరు వెనక పడుతుంది, ఆ పాట అందం సగం అక్కడే ఉంది. వుడ్‌స్టాక్ గురించి మళ్లీ రాస్తే, ట్రాఫిక్‌లో ఇరుక్కుని మిగతావాళ్లు రాకపోతే మొదట ఎక్కి, పాటలన్నీ అయిపోయినా దిగనివ్వకపోతే అక్కడికక్కడే ఒకటి అల్లి పాడిన రిచీ హేవెన్స్‌ని మరిచిపోకండి.

రోలింగ్ స్టోన్స్ పేరాకి సవరణ వేస్తారేమో అనే ఆశతో ఇంకొక్క మాట. ‘గిమ్మీ షెల్టర్’ ఉన్న ఆల్బమ్ మొదట విడుదలైనప్పుడు అట్ట మీద ఆ గాయని పేరు మేరీ అని తప్పు పడింది. ఆమె పేరు మెర్రీ. దయచేసి ‘మెర్రీ క్లేటన్’ అనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు