కంప్యూటర్ ఆన్ కాకపోతే ముందు ఫైళ్లు, తర్వాతే ఫార్మాట్

సంపాదకులకు,

ఈదురుగాలికి కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోతుంది. లేదా తెర బిగుసుకుపోయిందని పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తారు. మళ్లీ వేస్తే విండోస్ రాదు. షాపుకు తీసుకెళితే సాయంత్రానికి ‘ఫార్మాట్ కొట్టాం, తీసుకెళ్లండి’ అంటారు. కంప్యూటర్ బాగవుతుంది, అందులోని జీఎస్టీ లెక్కలూ పిల్లల ఫొటోలూ పోతాయి. ఇలా ఆగిన కంప్యూటర్లలో చాలావాటికి ఫార్మాట్ అక్కర్లేదు. అక్కర పడినా అది ఆఖరున చేయాల్సిన పని. ఆ సంగతి మీ పాఠకులకూ, రిపేరు షాపులవారికీ చెప్పాలనే ఈ ఉత్తరం.

బలవంతంగా ఆగినప్పుడు లోపల జరిగేది ఇది. మనం సేవ్ చేసినదాన్ని విండోస్ ఆ క్షణమే డిస్కు మీద పెట్టదు, కొంత ర్యామ్‌లో (కరెంటు పోతే చెరిగిపోయే తాత్కాలిక జ్ఞాపకంలో) పోగేసి వీలు చూసుకుని దింపుతుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికలో చేసే మార్పులకు మాత్రం ముందుగా ఒక చిట్టా రాసుకుంటుంది. కరెంటు వచ్చాక ఆ చిట్టా చూసి పట్టికను సరిచేసుకుంటుంది. ఈ రక్షణ పట్టికకే, ఫైలు లోపలి సమాచారానికి లేదు. కాబట్టి సాధారణంగా దెబ్బతినేవి ఆ క్షణంలో రాస్తున్న నాలుగైదు ఫైళ్లు. వాటిలో విండోస్‌కు కావలసినది ఒక్కటున్నా తెర రాదు, మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

లైటు, ఫ్యాను ఏవీ కదలకపోతే విండోస్‌తో పనే లేదు, అది కరెంటు సమస్య. ల్యాప్‌టాప్‌కు అడాప్టర్ తీసి (బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి) పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి, అడాప్టర్ మాత్రం పెట్టి వేయాలి. డెస్క్‌టాప్‌కు ప్లగ్గు తీసి పది నిమిషాలు వదిలేయాలి. కరెంటు తిరిగి వచ్చేటప్పటి హెచ్చు వోల్టేజీకి ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) తనను తాను కట్టేసుకుని ఉంటే అలా వదులుతుంది. అప్పటికీ రాకపోతే ఎస్‌ఎంపీఎస్ పరీక్షించాలి. పసుపు తీగలో 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉంటే మంచిదే. ఫ్యాను తిరిగి తెర నల్లగా ఉంటే ర్యామ్ ఊడదీసి, బంగారు అంచును మెత్తటి రబ్బరుతో తుడిచి, రెండువైపులా క్లిప్పు టిక్కుమనేలా మళ్లీ కూర్చోబెట్టాలి.

కంపెనీ లోగో వచ్చి, బూట్ డివైస్ (విండోస్‌ను మొదలుపెట్టే డిస్కు) లేదని తెర చెబితే డిస్కు పోయిందనుకుంటారు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే 3 వోల్టుల బటన్ సెల్ ఉంటుంది. అది నీరసించి ఉంటే ప్లగ్గులోంచి కరెంటు పోగానే బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే చిన్న ప్రోగ్రామ్) తన సెట్టింగులు మరిచిపోతుంది. తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయి కనిపిస్తే కారణం అదే. అప్పుడు సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే తీరు) ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, బూట్ పద్ధతి యూఈఎఫ్‌ఐ అనే కొత్త తీరు నుంచి లెగసీ అనే పాత తీరుకో మారిపోవచ్చు. డిస్కు నిక్షేపంగా ఉన్నా విండోస్ లేవదు. కొత్త సెల్ వేసి, ఆ రెండింటినీ పాత స్థితికి తెచ్చి, బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదట పెడితే పని అయిపోతుంది. ఇంత చిన్న సెల్ కోసం డిస్కు మొత్తం చెరిపేయడం చూస్తే బాధేస్తుంది.

విండోస్ దాకా వచ్చి చుక్కలు తిరుగుతూ ఆగిపోతే మొదట ఓపిక పట్టాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఉంటే విండోస్ ఆ మార్పులను తానే వెనక్కి తీసుకుంటుంది. పాత హార్డ్‌డిస్కు మీద దానికి గంటకు పైగా పట్టవచ్చు. డిస్కు లైటు మినుకుమంటున్నంతసేపు బటన్ జోలికి పోకూడదు. ఒకసారి ఆగినదాన్ని పూర్తిగా పాడుచేసేది ఆ రెండోసారి నొక్కడమే. వరుసగా రెండుసార్లు బూట్ మధ్యలో ఆపితే రిపేరు తెర వస్తుందని చాలామంది చెబుతారు. వచ్చేమాట నిజమే గానీ అది మళ్లీ అదే దెబ్బ కొట్టడం. దానికంటే వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఇన్‌స్టలేషన్ తయారుచేసుకుని, దాన్నుంచి బూట్ చేసి, ‘ఇన్‌స్టాల్’ నొక్కకుండా ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ ఎంచుకోవడం మేలు.

అక్కడ మొదటి పని రిపేరు కాదు, ఫైళ్లు బయటకు తీయడం. ట్రబుల్‌షూట్‌లోంచి కమాండ్ ప్రాంప్ట్‌కు (ఆదేశాలు టైప్ చేసే నల్ల తెరకు) వెళ్లి ‘నోట్‌ప్యాడ్’ (notepad) అని టైప్ చేస్తే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. దాని ఫైల్ మెనూలో ‘ఓపెన్’ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ పెడితే డ్రైవులన్నీ కనిపిస్తాయి. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ చేసి, వేరే డ్రైవ్‌లో పేస్ట్ చేయవచ్చు. ఎంత కాపీ అయిందో తెర చెప్పదు కాబట్టి ఒక్కో ఫోల్డర్ అయ్యేదాకా ఆగాలి. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తోనూ ఇదే పని చేయవచ్చు. సరిగా ఆగని విండోస్ డ్రైవ్‌ను ఉబుంటు ఒక్కోసారి తెరవనంటుంది. అప్పుడు చదవడానికి మాత్రమే అన్న పద్ధతిలో తెరవాలి (మౌంట్ చేయాలి). హైబర్నేషన్ ఫైలు (విండోస్ తెరిచి ఉన్న పనిని దాచుకునే ఫైలు) తొలగించమనే సలహా వినవద్దు.

డిస్కు టిక్కు టిక్కుమంటుంటే ఇంకేమీ చేయకుండా ఆపేసి, డేటా రికవరీ తెలిసినవారికి ఇవ్వాలి. అలాంటి డిస్కు మీద తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ (chkdsk) ప్రోగ్రామ్ నడిపితే మిగిలినదీ పోతుంది.

ఫైళ్లు చేతికొచ్చాక రిపేరు. ఈ తెరలో ఎక్స్ అనే డ్రైవ్ ర్యామ్‌లోని తాత్కాలిక విండోస్‌ది. అసలు విండోస్‌కు సి బదులు డి అక్షరం రావచ్చు, ముందు అది చూసుకోవాలి. ఆ డ్రైవ్ మీద చెక్‌డిస్క్‌ను స్లాష్ ఎఫ్ (/f)తో నడపాలి. తర్వాత విండోస్ సొంత ఫైళ్లను సరిచూసే సిస్టమ్ ఫైల్ చెకర్ (sfc). దాన్ని ఉత్తి స్కాన్‌నౌ (/scannow)తో వదిలేయకుండా ఆఫ్‌బూట్‌డిర్ (/offbootdir), ఆఫ్‌విన్‌డిర్ (/offwindir) జతచేసి అసలు డ్రైవ్ పేరు ఇవ్వాలి. బూట్ తప్పులు సరిచేసే బూట్‌రెక్ (bootrec)లో ఫిక్స్‌బూట్ (/fixboot) ‘యాక్సెస్ డినైడ్’ అంటే కంగారు అక్కర్లేదు. యూఈఎఫ్‌ఐ కంప్యూటర్లలో డిస్క్‌పార్ట్ (diskpart) ఆదేశంతో, బూట్ ఫైళ్లు ఉండే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌కు (డిస్కులోని విడి భాగానికి) ఒక అక్షరం ఇచ్చి, బీసీడీబూట్ (bcdboot)తో బూట్ ఫైళ్లు కొత్తగా రాయిస్తే సరి. ‘కీప్ మై ఫైల్స్’ అనే రీసెట్ మాత్రం పేరు చూసి నమ్మకండి, అది ప్రోగ్రాములన్నీ తీసేస్తుంది. లెక్కల డేటా ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే పెట్టుకున్నవారు ముందే కాపీ చేసుకోవాలి. కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ వారికి ఇంకో చిక్కు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌తో పాటు అను అనే తెలుగు ఫాంట్లు మళ్లీ ఎక్కించుకునేదాకా పాత శుభలేఖలన్నీ అర్థం కాని గుర్తులుగా కనిపిస్తాయి.

ఈ పనుల్లో ఎక్కడైనా 48 అంకెల బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడగవచ్చు. మీరు పెట్టుకోకపోయినా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది తనంతట తానే ఆన్ అయి ఉండవచ్చు. కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ లోపంతో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. వాటికి మందు ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్‌లోకి) వెళ్లి లోపమున్న ఒక్క ఫైలు తొలగించడం. బిట్‌లాకర్ కీ దగ్గర లేనిచోట ఆ ఒక్క ఫైలు తీయడానికీ తిప్పలు పడ్డారు. ఇవాళే ఆ కీ చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ కంప్యూటర్‌లోనే దాచుకోకండి.

షాపులవారికి ఒక విన్నపం. మిషన్ తీసుకునేటప్పుడు ఇచ్చే చీటీ మీద రెండు గళ్లు ఉండాలి: ‘డేటా కావాలా’, ‘ఫార్మాట్‌కు ఒప్పుకున్నారా’. రెండింటి పక్కనా కస్టమర్ సంతకం తీసుకోవాలి. డేటా తీయడానికి పట్టే రెండు గంటలకు వేరే చార్జీ అడగండి, అది న్యాయమే. ఇచ్చేవారు కూడా ఏ ఫోల్డర్లు ముఖ్యమో చీటీ వెనక రాసివ్వాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్‌తో పాటు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నూ మరవకండి, చాలామంది అసలు ఫైళ్లు ఉండేది అందులోనే.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్,
కాకినాడ