కొన్న వస్తువులో లోపం ఉంటే

సభ్యులందరికీ నమస్కారం. లోపమున్న వస్తువు గురించి అడిగితే, అమ్మినవారు తరచుగా "తయారీ కంపెనీనే సంప్రదించండి" అని తప్పించుకుంటారు. కానీ డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చినది వారే కనుక చాలా దేశాల చట్టాలు మొదటి బాధ్యతను వారిపైనే ఉంచుతాయి. వారంటీ ఆ చట్టబద్ధమైన హక్కుకు అదనమే తప్ప ప్రత్యామ్నాయం కాదు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అనే బోర్డు కూడా సాధారణంగా లోపం విషయంలో ఆ బాధ్యతను తొలగించదు, అయితే రంగు నచ్చలేదన్న కారణానికి దుకాణంలో ఇదే హక్కు ఉంటుందని ఆశించకూడదు.

లోపం కనిపించిన వెంటనే వాడకం ఆపి, ఫొటోలు తీసి, బిల్లునూ ప్యాకింగునూ భద్రపరచండి. ఫోన్‌లో ఎంత గట్టిగా వాదించినా రుజువు మిగలదు కాబట్టి, కొన్న తేదీ, బిల్లు నంబరు, లోపం వివరం, మరమ్మతు, మార్పిడి, డబ్బు వాపసులలో మీరు కోరుతున్నది ఏదో, జవాబుకు గడువు ఎంతో స్పష్టంగా పేర్కొంటూ ఈమెయిల్ పంపండి. (కోపం వ్యక్తం చేసే వాక్యాలు తీసేస్తే ఫిర్యాదుకు బలం పెరుగుతుంది.) కార్డుతో చెల్లించినవారు బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్ (చెల్లించిన డబ్బును బ్యాంకే వెనక్కి రప్పించే ప్రక్రియ) కోరవచ్చు, దానికి గడువు ఉంటుంది. అప్పటికీ స్పందన లేకపోతే, ఆ ఈమెయిళ్లనే జతచేసి వినియోగదారుల ఫిర్యాదుల సంస్థను ఆశ్రయించండి; తక్కువ ఖర్చుతో సత్వర పరిష్కారం అందే ఏర్పాటు ఉండాలని ఐక్యరాజ్యసమితి 1985 మార్గదర్శకాలు కూడా ప్రభుత్వాలకు సూచించాయి.